నారా ఒక్కరోజు ట్రిప్: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒసాకాలో ఇల్లుంది కదా అని ఏటా రెండు మూడు కుటుంబాలైనా మా దగ్గర దిగుతాయి. అందర్నీ నారా తిప్పి తిప్పి, వాట్సాప్‌లో అవే ప్రశ్నలకు అవే జవాబులు కొట్టి కొట్టి, ఇక ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. టికెట్ ధరలు అప్పుడప్పుడు పెరుగుతుంటాయి, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. మిగతావి పన్నెండు వందల ఏళ్లుగా ఉన్నచోటే ఉన్నాయి.

నారా అంటే ఏమిటి? క్యోటో చూశాక మళ్లీ అదెందుకు?

నారా అనగానే మనవాళ్లకి ముందు ఇంటిపేరు గుర్తొస్తుంది. ఆ జోకు ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు వేస్తారు, వేయనివ్వండి.

క్యోటో కన్నా ముందు జపాన్ రాజధాని ఇదే. 710లో హేయ్‌జో-క్యో పేరుతో నగరం కట్టారు, 784లో రాజధాని ఇక్కణ్ణించి తరలిపోయింది. రాజు వెళ్లిపోయాడు, గుళ్లు మిగిలాయి. రాజధాని పోవడం ఒకరకంగా నారాకి మేలే చేసింది. క్యోటోలో గుడికీ గుడికీ మధ్య బస్సులో నిలబడి చెమటలు కక్కాలి. ఇక్కడ పెద్ద గుళ్లు చాలావరకు ఒకే పార్కు చుట్టూ ఉన్నాయి, నడిచి చూసెయ్యొచ్చు. 1998లో నారాలోని ఎనిమిది చోట్లని కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

ఒక్కరోజు సరిపోతుందా?

పార్కు వైపు గుళ్లకైతే సరిపోతుంది. కానీ "పొద్దున క్యోటోలో ఫుషిమి ఇనారి గుడి, మధ్యాహ్నం నారా, సాయంత్రం ఒసాకా కోట" అని లిస్టు పట్టుకొచ్చేవాళ్లకి ఒకే మాట: వద్దు. అలా వచ్చినవాళ్లు జింకతో సెల్ఫీ దిగి, బుద్ధుడికి దణ్ణం పెట్టి, రెండు గంటల్లో వెనక్కి పోతారు. నారాలో బాగుండేది ఆ రెండు గంటల తర్వాతే మొదలవుతుంది.

ట్రైన్ ఏది ఎక్కాలి?

రెండు కంపెనీల రైళ్లు, రెండు వేర్వేరు స్టేషన్లు. కింతెత్సు నారా స్టేషన్ పార్కుకి దగ్గర, అయిదు నిమిషాలు నడిస్తే జింకలు కనిపిస్తాయి. జేఆర్ (జపాన్ రైల్వేస్) నారా స్టేషన్ నుంచైతే ఇంకో పావుగంట అదనం. కాబట్టి జేఆర్ పాస్ (టూరిస్టుల రైలు పాస్) లేనివాళ్లు కళ్లు మూసుకుని కింతెత్సు ఎక్కండి.

ఒసాకా నాంబా నుంచి కింతెత్సు ర్యాపిడ్ ఎక్స్‌ప్రెస్‌లో సుమారు 40 నిమిషాలు, 680 యెన్లు. క్యోటో నుంచి మామూలు ఎక్స్‌ప్రెస్ ముప్పావు గంట పైన, 760 యెన్లు. లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ అయితే 35 నిమిషాలే గానీ పైన మరో టికెట్ కొనాలి. పది నిమిషాల కోసం నేనైతే కొనను. జేఆర్ పాస్ కింతెత్సు రైళ్లలో చెల్లదు, పాస్ ఉన్నవాళ్లు క్యోటోలో మియాకోజి ర్యాపిడ్ పట్టుకోండి, అదీ ముప్పావు గంటే. ఇకోకా, సుయికా అనే ప్రీపెయిడ్ రైలు కార్డులు రెండు లైన్లలోనూ పనిచేస్తాయి.

ఏ వరసలో చూడాలి?

అందరూ స్టేషన్ దిగి నేరుగా తోదాయ్‌జీ గుడిలోని పెద్ద బుద్ధుడి దగ్గరికి పరిగెడతారు. టూరిస్టు బస్సులూ అక్కడికే వస్తాయి. పది నుంచి రెండు దాకా తోదాయ్‌జీ గేటు దగ్గర బ్రహ్మోత్సవాల రద్దీ. అందుకే నేను తిరగేసి తిప్పుతాను.

తొమ్మిదికల్లా కోఫుకుజీ గుడి మ్యూజియం. పదిన్నరకి నారామాచి పాత వీధులు, అక్కడే కాస్త ముందుగా భోజనం. ఒంటిగంటకి కసుగా తాయ్‌షా గుడికి వెళ్లే అడవి దారి. మూడు దాటాక, బస్సులు వెనక్కి తిరిగాక తోదాయ్‌జీ. చివరికి కొండవాలు మీద నిగత్సుదో మందిరం. పెద్ద బుద్ధుడి మందిరం ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా సాయంత్రం 5:30కి, నవంబర్ నుంచి మార్చి దాకా 5 గంటలకి మూస్తారు, అది గుర్తుంచుకుంటే చాలు. ఈ వరస కుదరదంటే పొద్దున ఎనిమిదికల్లా తోదాయ్‌జీలో ఉండండి, అప్పుడూ ఖాళీగానే ఉంటుంది. మధ్యాహ్నం మాత్రం వద్దు.

జింకలు కరుస్తాయా?

కరుస్తాయి. గట్టిగా కాదు గానీ చొక్కా అంచు, బ్యాగ్ పట్టీ, చేతిలో ఉన్న మ్యాపు, ఏదైనా సరే. మా అత్తయ్య చీర కొంగుని వెనకనుంచి ఒకటి నెమ్మదిగా నమలడం మొదలుపెడితే, ఆవిడ వెనక్కి చూడకుండానే "ఆగరా, కొనిపెడతాను" అంది, మా వాడు లాగుతున్నాడనుకుని.

పార్కులో వెయ్యికి పైగా జింకలున్నాయి. ఎవరూ పెంచుతున్నవి కావు, అడవి జంతువులే. వాటికి పెట్టాల్సింది షికా సెన్‌బే అనే పల్చటి బిళ్లలు, కట్ట 200 యెన్లు. బియ్యపు తవుడు, గోధుమపిండి కలిపి చేస్తారు, చక్కెర ఉండదు. కట్టకి చుట్టిన కాగితం కూడా జింక తిన్నా ఏం కాని రకమే. మన తిండి మాత్రం ఏదీ పెట్టొద్దు. 2019లో చచ్చిపోయిన కొన్ని జింకల కడుపుల్లో ప్లాస్టిక్ ముద్దలు బయటపడ్డాయి. పార్కులో చెత్తబుట్టలు దాదాపు కనిపించవు, మీ కవర్లు మీ బ్యాగులోనే పెట్టుకోండి.

బిళ్ల చూపించి తల వంచితే చాలా జింకలు తిరిగి తల వంచుతాయి. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, ఫోటో కోసం మూడుసార్లు వంచి బిళ్ల ఇవ్వకుండా ఆటపట్టిస్తేనే డొక్కలో పొడుస్తాయి. చకచకా పెట్టేసి, అయిపోగానే రెండు అరచేతులూ ఖాళీగా చూపించండి. చిత్రంగా ఉంటుంది గానీ అర్థం చేసుకుని వెళ్లిపోతాయి.

మే నుంచి జులై దాకా పిల్లల తల్లులతో, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా మగ జింకలతో జాగ్రత్త. కొమ్ములతో ప్రమాదమని శరదృతువులో వాటి కొమ్ములు కోస్తారు. ఆ ఆనవాయితీ 1672 నుంచి ఉంది.

ఊళ్లో ఇన్ని జింకలెందుకు?

కసుగా తాయ్‌షా గుడి దేవుళ్లలో ఒకరైన తకెమికజుచి, దూరాన ఉన్న కషిమా నుంచి తెల్ల జింకనెక్కి వచ్చాడని స్థలపురాణం. అందుకే జింకలు దేవుడి వాహనాలు, వాటినెవరూ చంపరు. ఆ గుడి వెనక కొండ మీద వేట, చెట్ల నరికివేత 841లోనే నిషేధించారు. నగరం అంచునే ఇంత పాత అడవి బతికి ఉందంటే కారణం అదే.

ఆ గుడి 768లో వెలిసింది. దారి పొడవునా భక్తులు ఇచ్చిన రాతి దీపస్తంభాలు, లోపల వేలాడే కంచు దీపాలు, అన్నీ కలిపి మూడు వేల దాకా ఉంటాయి. మొత్తం వెలిగించేది ఏడాదిలో రెండు సందర్భాల్లోనే: ఫిబ్రవరి మొదట్లో సెత్సుబున్ పండక్కి, ఆగస్టు 14, 15 తేదీల్లో. మిగతా రోజుల్లో లోపలి ప్రాంగణానికి టికెట్ కొంటే ఒక చీకటి గదిలో కొన్ని దీపాలు వెలిగించి ఉంటాయి, అదొక్కటి చాలు టికెట్ డబ్బులకి.

తోదాయ్‌జీలో ఏమేం చూడాలి?

తొందరపడి మందిరంలోకి వెళ్లిపోకండి. ముందు వచ్చే పెద్ద చెక్క గేటు నందాయ్‌మోన్, 1199లో తిరిగి కట్టింది. దాని రెండు వైపులా ఎనిమిది మీటర్ల పైచిలుకు ద్వారపాలకులున్నారు. ఉన్‌కేయ్, కాయ్‌కేయ్ అనే శిల్పులు తమ బృందంతో 1203లో 69 రోజుల్లో చేశారు. మన గుళ్లలో జయవిజయులు ప్రశాంతంగా నిలబడతారు, వీళ్లు నరాలు ఉబ్బి మీదకొస్తున్నట్టుంటారు. చాలామంది జింకల్ని చూసుకుంటూ ఈ గేటు కింద నుంచే తలెత్తకుండా పోతారు.

లోపల ఉన్నది వైరోచన బుద్ధుడు, కంచు విగ్రహం, కూర్చుని ఉండగానే సుమారు 15 మీటర్ల ఎత్తు. చక్రవర్తి షోము 743లో సంకల్పించాడు. మశూచి, కరువు, తిరుగుబాటు ఒకదాని వెంట ఒకటి వచ్చిన కాలం అది. తర్వాత 1180లో ఒకసారి, 1567లో ఇంకోసారి యుద్ధాల్లో మందిరం కాలిపోయింది. రెండోసారి బుద్ధుడి తల కూడా పోయింది, తర్వాత చాలా ఏళ్లు విగ్రహం ఎండకీ వానకీ బయటే కూర్చుంది. ఇప్పుడు మీరు చూసే తల పదిహేడో శతాబ్దం చివర్లో పోతపోసింది, మందిరం 1709 నాటిది. అసలు మందిరం వెడల్పు 86 మీటర్లు, ఇప్పటిది 57. తగ్గించి కట్టినా లోపలికెళ్లగానే నోట మాట రాదు. పాతకాలపు పనితనం చూడాలంటే పీఠం కింద తామర రేకుల మీద సన్నగా చెక్కిన బొమ్మలు వెతకండి, వాటిలో ఎనిమిదో శతాబ్దం నాటివి ఉన్నాయి.

వెనకవైపు ఒక స్తంభానికి అడుగున చిన్న కంత ఉంటుంది, బుద్ధుడి ముక్కు రంధ్రమంత అంటారు. దూరితే మంచిదని నమ్మకం. పిల్లలు సర్రున దూరిపోతారు. పెద్దవాళ్లు భుజాల దగ్గర ఇరుక్కుంటే వెనక క్యూ మొత్తం చప్పట్లు కొడుతుంది, అదీ అనుభవమే.

మందిరం బయట కుడి పక్కన ఎర్రటి వస్త్రం కప్పుకున్న చెక్క విగ్రహం బిన్‌జురు. మీకు ఏ అవయవం నొప్పో ఆయన ఆ అవయవం తాకి, తర్వాత మీది తాకాలి. ఆయన మోకాళ్లు అరిగిపోయి ఉంటాయి. ఈయన బుద్ధుడి శిష్యుడు, అసలు పేరు పిండోల భరద్వాజుడు. మా బాబాయి ఆ సంగతి వినగానే చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ జోడించి గోత్రం చెప్పుకున్నాడు. మాది భారద్వాజస గోత్రమే.

బుద్ధుడికి కళ్లు దిద్దింది మన దేశం ఆయనేనట, నిజమా?

నిజం. 752లో జరిగిన నేత్రోన్మీలనానికి పెద్దగా నిలిచింది బోధిసేనుడు. 736లో చైనా మీదుగా జపాన్ చేరిన భారతీయ భిక్షువు, జపనీయులు ఆయన్ని బ్రాహ్మణ సోజో అని గౌరవంగా పిలుస్తారు. కళ్లు దిద్దిన కుంచెకి పొడవాటి తాడు కట్టి, కింద ఉన్నవాళ్లంతా ఆ తాడు పట్టుకున్నారు, పుణ్యం అందరికీ చేరాలని. పెళ్లిలో మంగళసూత్రం పళ్లెం అందరూ ఒక చెయ్యి వేసి ముట్టుకున్నట్టు. ఆ కుంచె, ఆ నీలం తాడు షోసోయిన్ అనే ఖజానాలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఖజానా వస్తువుల్లో కొన్నిటిని ఏటా అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో నారా జాతీయ మ్యూజియంలో చూపిస్తారు, ఏ వస్తువు బయటికొస్తుందన్నది ఏడాదికోసారి మారుతుంది.

ఇంకో ముడి కూడా ఉంది. నారా కాలంలో చదువుకున్న ఆరు బౌద్ధ శాఖల్లో సన్‌రోన్ ఒకటి. దాని పేరుకి అర్థం మూడు శాస్త్రాలు. వాటిలో రెండు ఆచార్య నాగార్జునుడివి, మూడోది ఆయన శిష్యుడు ఆర్యదేవుడిది. నాగార్జునసాగర్ ఏ పేరు మోస్తోందో ఆయనే ఇక్కడ రియూజు.

గుళ్లో ఎలా మొక్కాలి? చెప్పులెక్కడ విప్పాలి?

తోదాయ్‌జీ పెద్ద మందిరంలోకి బూట్లతోనే వెళ్తారు. మొదటిసారి మా అమ్మకి కాళ్లాడలేదు, గడప దగ్గర పక్కకి విప్పేసి సాక్సులతో నడిచింది, ఎవరూ ఏమీ అనలేదు. చెక్క నేల, తతామి చాపలు ఉన్న చిన్న గుళ్లలో మాత్రం విప్పాలి, చిరిగిన సాక్సులు వేసుకెళ్లకండి.

బౌద్ధ గుళ్లో చేతులు జోడించి నమస్కారం, చప్పట్లు లేవు. కసుగా లాంటి షింతో (జపాన్ వాళ్ల సొంత మతం) గుళ్లో రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. ఫోటోలు పెద్ద బుద్ధుడి దగ్గర తీసుకోవచ్చు, కోఫుకుజీ మ్యూజియంలో కుదరదు.

కోఫుకుజీ పగోడా కనబడటం లేదేంటి?

50 మీటర్ల ఆ అయిదంతస్తుల పగోడా 1426లో తిరిగి కట్టింది. ఇప్పుడు పెద్ద రిపేరు పని కోసం చుట్టూ కప్పేశారు, ఇంకా కొన్నేళ్లు పడుతుంది. పోస్టుకార్డు ఫోటో మీద ఆశ వదులుకుని పక్కనే ఉన్న మ్యూజియంలోకి వెళ్లండి. అక్కడ 734 నాటి అశుర ఉన్నాడు, మన అసురుడే. మూడు ముఖాలు, ఆరు చేతులు, కుర్రవాడి సన్నని ఒళ్లు. మనం అసురుడంటే కోరలు, గద ఊహించుకుంటాం. ఇతని ముఖంలో తప్పు చేసి అమ్మ ముందు నిలబడ్డ పిల్లాడి బాధ కనిపిస్తుంది, ఒక పక్క ముఖం పెదవి కొరుక్కుంటూ ఉంటుంది. చెట్టు పాలతో తడిపిన జనపనార బట్ట పొరలు పొరలుగా అంటించి చేశారు, లోపలంతా డొల్ల. బరువు తక్కువ, మంటలొచ్చినప్పుడు ఎత్తుకుని పరిగెత్తడానికి వీలుగా ఉండేది. నారాలో ఒక్క శిల్పమే చూసే టైముంటే నేనిదే చూస్తాను, పెద్ద బుద్ధుణ్ణి కాదు.

వెజిటేరియన్లకి తిండి దొరుకుతుందా?

ఇక్కడే టెన్షన్. కూరగాయల సూప్ అన్నా, నూడుల్స్ అన్నా అడుగున చేప పొడితో కాచిన దాషి ఉంటుంది. ఈ ప్రాంతం ప్రత్యేకం మివా సోమెన్, సన్నటి సేమ్యాల్లాంటివి, వాటిని ముంచుకునే రసంలోనూ దాషే. కాకి అనే పండు (పర్సిమన్) చెట్టు ఆకులో చుట్టే సుషీ బాగా పేరున్నది, లోపల మాకెరెల్ లేదా సాల్మన్ ఉంటుంది. చేప తినేవాళ్లు వదలొద్దు.

శాకాహారులకి ఇండియన్ రెస్టారెంట్లు స్టేషన్ చుట్టుపక్కల ఉన్నాయి. లేదంటే మాలాగా పులిహోర డబ్బా. ఎంత నానినా పాడవదు, చల్లారినా బాగుంటుంది. తినేటప్పుడు మాత్రం జింకలకి దూరంగా, గోడకి వీపు ఆనించి కూర్చోండి. మధ్యలో ఆకలేస్తే స్టేషన్ దగ్గర వీధిలో రోకలి సుత్తులతో మోచీ అనే జిగురు బియ్యపు ముద్ద దంచుతుంటారు. ఒకడు దెబ్బ వేసేలోపు ఇంకొకడు చెయ్యి పెట్టి ముద్ద తిప్పుతాడు, చూస్తుంటే మనకే వేళ్లు జివ్వుమంటాయి. ఆకుపచ్చ ముద్ద, లోపల తీపి ఎర్ర బీన్స్, పైన వేయించిన సోయా పిండి. వేడివేడిగా తింటే చలిమిడికి జపాన్ చుట్టం.

నారామాచిలో ఏముంది?

పాత వర్తకుల ఇళ్లు. వీధి వైపు ఇరుగ్గా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. చూరుకి ఎర్రటి గుడ్డ బంతుల్లాంటివి వేలాడుతుంటాయి, అవి కోతి బొమ్మలు. ఇంట్లోవాళ్లకి రావాల్సిన కీడు తమ మీదకి తీసుకుంటాయట. మన దిష్టిబొమ్మ పనే, ముఖం మాత్రం భయపెట్టదు. అక్కడే గన్‌గోజీ గుడి, దాని కప్పు మీద కొన్ని పెంకులు గుడి నారాకి రాకముందు అసుకాలో ఉన్ననాటివి, రంగు తేడా కింద నుంచే తెలుస్తుంది.

ఖర్చెంత?

ఒసాకా నుంచి రానూపోనూ రైలు, మూడు టికెట్లు (పెద్ద బుద్ధుడికి సుమారు 800 యెన్లు, మిగతావీ ఆ దగ్గర్లోనే), జింక బిళ్లలు, భోజనం కలిపి తలకి 5,000 నుంచి 6,000 యెన్లు. మన డబ్బులో మూడు వేల పైచిలుకు. ఆరేళ్ల లోపు పిల్లలకి రైలు ఫ్రీ, పన్నెండేళ్ల లోపు సగం. జింక బిళ్లల కోసం చిల్లర నాణేలు ఉంచుకోండి.

పెద్దవాళ్లు నడవగలరా? సామానెక్కడ పెట్టాలి?

పార్కంతా చదునే. కసుగా దారి కొంచెం ఎత్తు, గులక. నిగత్సుదోకి మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు స్టేషన్ నుంచి సిటీ లూప్ బస్సు ఎక్కితే తోదాయ్‌జీ, కసుగా రెండిటికీ దగ్గర్లో దించుతుంది. సూట్‌కేసులు స్టేషన్ లాకర్లలో పెట్టండి, పెద్ద సైజువి పదిన్నరకల్లా నిండిపోతాయి.

హోర్యూజీ గుడి కూడా అదే రోజు కుదురుతుందా?

ప్రపంచంలో మిగిలిన అతి పాత చెక్క కట్టడాలు అక్కడున్నాయి, కానీ ఊరికి దూరం. జేఆర్ నారా నుంచి రైల్లో పన్నెండు నిమిషాలు, అక్కణ్ణించి నడక. కలిపితే రెండూ సగం సగం చూస్తారు. దానికి ఇంకో రోజు పెట్టుకోండి.

ఏ నెలలో రావాలి?

చెర్రీ పూలకి మార్చి చివర, ఏప్రిల్ మొదటి వారం. ఎర్రాకులకి నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ మొదటి వారం. జులై, ఆగస్టుల్లో ఉక్క విజయవాడకి తీసిపోదు. నా ఓటు మార్చి మొదటి రెండు వారాలకి. 1 నుంచి 14 దాకా నిగత్సుదోలో రోజూ చీకటి పడగానే భిక్షువుల సహాయకులు పెద్ద పెద్ద కాగడాలు భుజాన వేసుకుని వసారా మీద పరిగెడతారు, నిప్పురవ్వలు కింద జనం మీద పడుతుంటాయి. ఒమిజుతోరి అంటారు. 752 నుంచి ఒక్క ఏడాది కూడా ఆపలేదు. ఉన్ని టోపీ పెట్టుకోండి, జుట్టుకి మంచిది.

చీకటి పడేదాకా ఉండొచ్చా? తిరుగు రైలు దొరుకుతుందా?

ఉండాలి. నిగత్సుదోకి టికెట్ లేదు, గేటూ లేదు. మందిరం వెనకనుంచి మట్టి గోడల మధ్య రాతి మెట్ల దారి ఉంది, అటునుంచి ఎక్కండి. వసారాలో పడమటి వైపు నిలబడితే పెద్ద బుద్ధుడి మందిరం కప్పు, దాని వెనక ఊరు, ఊరి వెనక కొండల మీద పొద్దు గుంకడం కనిపిస్తాయి. కింద జింకలు ఒక్కొక్కటే చెట్ల కిందకి చేరుతుంటాయి. జనం నలుగురైదుగురే ఉంటారు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. దిగేటప్పుడు దారిలో లైట్లు తక్కువ, ఫోన్ టార్చ్ వేసుకోండి. ఊళ్లో షాపులు తొందరగా కట్టేస్తారు, రాత్రి భోజనం ఒసాకాలోనో క్యోటోలోనో చెయ్యండి. కింతెత్సు రైళ్లు పది దాటాక కూడా ఉంటాయి.